నోరు కుట్టని బిళ్ళ

మా బావ మాలకొండయ్య ఎద్దును కొట్టగా చూసినవాళ్లు మార్టూరు చుట్టుపక్కల ఎవరూ లేరు. చేతిలో కర్ర ఉంటుంది గాని అది ఆయన ఆనుకోవడానికే. బాపయ్య గారి ఇంట్లో గిత్తల పని ఆయనది. తెల్లారకముందే పాకలోకి పోతాడు. పేడ ఎత్తాలి, గిత్తల్ని కడగాలి, ఉలవలు ఉడకెయ్యాలి, పచ్చిమేత కోసుకురావాలి. పొద్దుగూకాక ఇంటికొచ్చి, పెట్టింది తింటూ తింటూనే గోడకి ఆనుకుని నిద్రపోతాడు. మా అక్క రాఘవమ్మ ఆయన ఒళ్లోంచి కంచం తీసి పక్కన పెడుతుంది.

"ఈయనకి నేను పెళ్లాన్ని కాదురా త్రినాథూ, రెండో పాకని" అంటుంది నాతో.

బాపయ్య గారు మిరప, పొగాకు వేసే రైతు. ఆయనకి బండలాగుడు పందేలంటే పిచ్చి. తిరనాళ్లలో గిత్తల జోడీని బండకి కడతారు. ఇచ్చిన సమయంలో ఏ జోడీ ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. మిగతా జోడీల వెనక మనుషులు కేకలు పెడుతూ చెర్నాకోలలు ఝళిపిస్తూ పరిగెత్తుతారు. మా బావ నాలుకతో చప్పుడు చేస్తాడు, "దా నాయనా, దా" అంటాడు, అంతే. ఆ మాటకే ముత్యం మెడ వంచేది. ముత్యం అంటే జోడీలో తెల్ల గిత్త. పాలు మరిచిన దూడగా వచ్చినప్పటి నుంచి ఆయన చేతి కిందే పెరిగింది.

నేను గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాను. సీజన్లో ఊరికి పోవడం కుదరదు. ఘాటుకి కళ్లు, బరువుకి మెడ, రెండూ నావి కానట్టు ఉంటాయి. అందుకే ఆ ఏడు శివరాత్రి దాటాక జరిగిన పందేన్ని నేను చూడలేదు. మా సందు చివర కొట్టుకి ఫోను చేసి అక్క చెప్పింది. తర్వాత బావ చెప్పాడు. ఇద్దరూ చెరో రకంగా చెప్పినా జరిగింది ఒకటే.

ముందురోజు జల్లు పడి నేల చెమ్మగా ఉందట. మంచి ఊపు మీద లాగుతున్న ముత్యానికి ముందుకాలు జారింది. మోకాలి మీద పడబోయి, మళ్లీ లేచి లాగింది. గీత దగ్గర నిలబడ్డ కమిటీ మనిషి విజిల్ ఊదాడు.

"తోక పట్టాడు. జోడీని ఇప్పెయ్యండి" అన్నాడు.

ఒక్కో ఊరి కమిటీకి ఒక్కో నిబంధన ఉంటుంది. ఆ ఊళ్లో తోక మీద చెయ్యి పడితే చాలు, ఆ జోడీ పందెంలో లేనట్టే. తోక మెలిపెట్టి ఎద్దును బాధపెట్టి లాగించేవాళ్లు ఉంటారు గనక పెట్టారు. మంచి నిబంధనే. మా బావకి దానితో పని పడుతుందని ఎవరం అనుకోలేదు.

"నేను పట్టలేదండీ" అన్నాడు బావ.

"పట్టావయ్యా. ఈ కళ్లతోనే చూశా."

"పట్టలా."

"మెలేసేవాళ్లంతా ఇదే మాట. అడిగితే ఒక్కడూ పట్టలా!"

ఆ 'మెలేసేవాళ్లు' అన్న మాటకి మా బావకి ఒళ్లు మండింది. ముత్యం మూపురం మీద చెయ్యి వేసి అందరూ వినేట్టు అన్నాడట. "ముత్యం మీద ఒట్టు. నేను తోక ముట్టుకోలేదు."

జనం గోల ఆగిపోయింది. మా వైపు మనిషి పిల్లల మీదన్నా ఒట్టేస్తాడేమో గాని ఎద్దు మీద వెయ్యడు. అది నోరు లేని జీవం. ఒట్టు తప్పయితే కాదని చెప్పుకోలేదు, పాపం తానే మోస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా వేశాడంటే నిజమే అయ్యుంటుందని సగం మంది అనుకున్నారు. కమిటీ మాత్రం మాట మార్చలేదు. గిత్తల్ని లారీ ఎక్కించుకుని వచ్చేశారు.

తర్వాత ముత్యం ముందుకాలు వాచింది. మోకాలి దగ్గర వేడి. కుంటడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరొచ్చి జారినప్పుడు బెణికిందన్నాడు, సూది వేశాడు, కదిలించొద్దన్నాడు. ఊళ్లోవాళ్లకి డాక్టరు మాట ఆనలేదు. 'ఒట్టు తగిలింది' అన్నారు. బావ ముందు అనలేదు, బావికాడ అన్నారు. బావికాడ అన్న మాట మా అక్క బిందెతో పాటు ఇంటికొచ్చింది.

బావ ఆ రోజు నుంచి ముత్యం మీద చెయ్యి వెయ్యడం మానేశాడు. ఉలవలు ఉడకేస్తాడు, తొట్టిలో పోసి దూరంగా జరుగుతాడు. కడగాలన్నా కాలికి కాపడం పెట్టాలన్నా బాపయ్య గారే వంగాల్సి వచ్చింది.

"ఏరా, నా ఎద్దుకి నన్నే జీతగాణ్ణి చేశావేందిరా?" అన్నారాయన ముందు నవ్వుతూనే. తర్వాత నవ్వలేక, "పోనీలేరా, పట్టినా పట్టకపోయినా నేనేం అడగలా" అన్నారు.

"మీరు అడక్కపోతే ఏమయిందండీ. నా చెయ్యి మంచిదో కాదో నాకు తెలియాలిగా" అన్నాడట బావ.

తెలియడానికి ఒక దారి ఉంది. బాపయ్య గారు తన జోడీ దిగిన ప్రతి పందెం వీడియో తీయిస్తారు. మార్టూరులో వీడియో షాపు మొహిద్దీన్ బాషా తీస్తాడు. ఇంతకుముందు క్యాసెట్ ఇచ్చేవాడు. ఆ ఏడు కొత్తగా వెండిరంగు బిళ్ళ ఇచ్చాడు. అందులో బావ చెయ్యి ఎక్కడుందో ఉంటుంది.

బావ ఆ బిళ్ళని ముందు ఊళ్లో టీ కొట్టుకి పట్టుకుపోయాడు. కొట్టువాడి వీడియో పెట్టె దాన్ని లోపలికి తీసుకుని, కాసేపు గిలగిల్లాడి బయటికి తోసేసింది. తర్వాత బాపయ్య గారి ఇంట్లో పెట్టెలో పెట్టారు. అది పేరున్న కంపెనీది, పైన దుమ్ము పడకుండా కుట్టుపని గుడ్డ కప్పి ఉంచుతారు. అసలు బిళ్ళే పెట్టలేదన్నట్టు తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఊరుకుంది.

టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు. "మాలకొండయ్య ఒట్టూ అంతే, బిళ్ళా అంతే. లోపల ఏమీ లేదు."

అప్పుడే అక్క నాకు ఫోను చేసింది. "నీ చైనా పెట్టె తీసుకుని రారా. ఈయన అన్నం తినడం లేదు" అంది.

నా దగ్గర చైనా డీవీడీ ప్లేయర్ ఒకటి ఉంది. మా గదిలో హమాలీలందరం కలిసి కొన్నాం. గీతలు పడ్డవీ, అంచు విరిగినవీ, ఎవరో ఇంట్లో కాపీ కొట్టినవీ, ఏది పెట్టినా ఆడిస్తుంది. ఆదివారం యార్డుకి సెలవు. పెట్టెని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను. వారమంతా మోసింది చాలక సెలవునాడూ నెత్తిన సంచే.

ఇంటికి పోయేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బిళ్ళని అక్క పాత చీర ముక్కలో చుట్టి, సత్తు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఒళ్లో పెట్టుకున్నాడు. గడ్డం పెరిగింది.

"తెచ్చావా?" అన్నాడు. ఎట్లా ఉన్నావని కూడా అడగలేదు.

పక్కింటి టీవీకి తీగలు తగిలించి బిళ్ళ పెట్టాను. లోపల గిర్రున తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. వెతుక్కుంటున్నట్టు కుయ్ కుయ్ మంది. బావ తెరవైపు కాదు, పెట్టెవైపు చూస్తున్నాడు. చివరికి అదీ చేతులెత్తేసింది.

"ఏ చెత్తయినా తినుద్దన్నావుగా" అన్నాడు.

"తినుద్ది బావా. ఎందుకో దీన్ని తినట్లా."

ఎండలో ఇద్దరం మార్టూరు పోయాం. రాళ్లు కోసే మిషన్ల చప్పుడు, ఆ తెల్ల దుమ్ము దాటుకుని బాషా షాపుకి చేరాం. బాషాకి మా ఊరివాళ్లందరూ తెలుసు. సంగతి విని నొసలు కొట్టుకున్నాడు.

"అయ్యో మాలకొండయ్య మావా! ఆ సీడీయేనా?"

"అదే."

"సీడీ కాదులే, డీవీడీ. చూడ్డానికి రెండూ ఒకటే గాని, దీంట్లో అచ్చరాలు బాగా సన్నం, దగ్గరదగ్గరగా ఉంటాయి. టీ కొట్టోడిది సీడీల పెట్టె. దాని కంటికి అంత సన్నంది ఆనదు. అద్దాలు లేకుండా ముసలాయన పేపరు చదివినట్టు."

"మరి బాపయ్య గారిది డీవీడీదేగా?" అన్నాను.

"దానిదే. కాని కంపెనీది, పాతది. షాపులో అమ్మే సినిమా బిళ్ళ అచ్చులో గట్టిగా నొక్కింది, గుంటలు స్పష్టంగా ఉంటాయి. మనం ఎక్కించేది రంగు మీద మచ్చలు పెట్టినట్టు, మసగ్గా ఉంటది. అట్టాటివాటిని చదవాలని ఆ కంపెనీవాళ్లు అనుకోలా. చైనావోడు ఏది పెట్టినా ఆడాలని చేశాడు. అదీగాక ఈ ఎక్కించే బిళ్ళల్లో మళ్లీ రెండు కులాలు. కొన్ని పెట్టెలు ఒక కులందాన్నే ఇంట్లోకి రానిస్తయ్."

"పెట్టెలకీ పట్టింపులేనా?" అన్నాడు బావ. చాలా రోజుల తర్వాత ఆయన నోట మామూలు మాట విన్నాను.

"ఉంటయ్ మావా. కాని నీ బిళ్ళ చైనాదాంట్లో కూడా ఆడలేదంటే తప్పు పెట్టెది కాదు, నాది." బాషా గొంతు తగ్గించాడు. "పందెం మొత్తం ఎక్కింది. ఎక్కాక చివర్న మూయాలి. అది కాసేపు పడుద్ది. ఆ ఎక్కించే మిషన్ మా పెద్దమ్మ కొడుకు సుభానీది. ఆ రోజు వచ్చి బస్సు టైమయిందంటూ ప్లగ్గు పీకి మిషన్ పట్టుకుపోయాడు. మూసిందనుకుని నీకు ఇచ్చేశా. మూయని బిళ్ళ ఎక్కించిన మిషన్లోనే ఆడుద్ది. ఇంకోచోట అదేందో, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు."

నాకు చప్పున బోధపడింది. మిరపకాయ నింపి నోరు కుట్టని బస్తా రైతు ఇంటి మూల ఎన్నాళ్లయినా ఉంటుంది. అదే బస్తాని కోల్డ్ స్టోరేజీకి తీసుకుపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. లోపలి సరుకు మంచిదే కావచ్చు. నోరు కుట్టందే ఎవరూ చెయ్యి పెట్టరు. బావకి అట్లా చెప్పాను. తలూపాడు.

"వీడియో తీసిన క్యాసెట్ ఉంటదిగా?" అని అడిగాడు బాషాని.

"దాని మీద పెళ్లి తీసేశా మావా" అన్నాడు బాషా, కింద చూస్తూ.

సుభానీ ఇల్లు గుంటూరు పక్కన నల్లపాడులో. నేను ఎటూ గుంటూరు పోవాల్సినవాణ్ణే. మర్నాడు పొద్దున్నే బావని వెంటబెట్టుకుని బయల్దేరాను. యార్డులో ఆ పూట పని పోయింది. బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి చూడలేదు. పత్తిచేలు ఏరేసి మోళ్లుగా ఉన్నాయి. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆయన చూపంతా తన కుడిచేతి మీదే ఉంది.

సుభానీది స్టేషన్ దగ్గర ఒకటే గది. టేపుల మధ్య మాకు చోటు చేసి మిషన్లో బిళ్ళ పెట్టాడు. మరుక్షణం ఆడింది. అంత తిరిగిన మాకు అది అంత సులువుగా ఆడేసరికి కోపం లాంటిది వచ్చింది.

దుమ్ము. జనం కేకలు. బండ గీరుకుంటూ వస్తోంది. ముత్యం, దాని పక్కన జోడుగిత్త, వెనకాల మా బావ. తలపాగా ఊడి భుజం మీద వేలాడుతోంది. నాలుక చప్పుడు వినపడదు గాని దవడ కదులుతోంది. ముత్యం కాలు జారింది. తెర మీద అంతా ఒక్కసారి కుదిపినట్టయింది. గిత్త లేచింది.

"ఎనక్కి తిప్పు నాయనా" అన్నాడు బావ.

సుభానీ తిప్పాడు. ఈసారి మెల్లగా ఆడించాడు. ముత్యం మోకాలు వంగింది. బావ చూపు మోకాలి మీద ఉంది. కుడిచెయ్యి మాత్రం, ఎవరిదో అయినట్టు, ముందుకి పోయి తోక మొదట్లో పట్టి పైకెత్తింది. గిత్త నిలబడింది. చెయ్యి వెనక్కొచ్చేసింది.

బావ తెరకి దగ్గరగా జరిగాడు.

"ఇంకోసారి."

మళ్లీ చూశాడు. అప్పుడు తువ్వాలుతో మొహం తుడుచుకుని గోడకి ఆనుకున్నాడు.

"నా చెయ్యే" అన్నాడు.

"మెలెయ్యలేదు బావా. లేపావు."

"బురదలో దిగబడ్డ ఎద్దుని అట్టాగే లేపుతాం. తోక మొదట్లో పట్టి ఎత్తితే దానికి ధైర్యం వచ్చుద్ది, లేచుద్ది. చిన్నప్పటి నుంచీ లేపుతానే ఉన్నా." అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "పడతంటే పట్టుకోవాలని చేతికి తెలుసు. పట్టుకున్నట్టు నాకు చెప్పలా."

సుభానీ మెల్లగా అడిగాడు. "బాబాయ్, ఇప్పుడు మూసేస్తా. మూశాక మామూలు పెట్టెల్లో ఆడుద్ది. మరి... మూయమంటారా?"

ఆ కుర్రాడు ఎందుకు అడిగాడో నాకు తెలిసింది. నేనే అందుకున్నాను.

"వద్దులే బావా. ఇట్టాగే ఉండనీ. చూసింది మనం ముగ్గురమే. ఊళ్లో ఏ పెట్టెలోనూ ఆడదు. నువ్వు ఆ పాకలోకి పొయ్యి ముత్యానికి ఒక్కడివే నిజం చెప్పి ఒట్టు ఎనక్కి తీసుకో. అంతటితో సరిపోద్ది. ఉన్నవాడివి ఉన్నట్టు ఉంటావు."

సుభానీ భార్య టీ పంపింది. బావ సాసర్లో పోసుకుని చల్లారేదాకా ఊదుతూ కూర్చున్నాడు. ఆయన వయసు ఆ రోజే నాకు కనపడింది. తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఒట్టేసింది తిరనాళ్ల జనంలో. ఎనక్కి తీసుకునేది పాక మూలనా?" అన్నాడు. "ఆ విజిల్ ఊదినాయన్ని నలుగురిలో అబద్ధాలకోరుని చేశా. నోరు కుట్టెయ్ నాయనా."

సుభానీ మీట నొక్కాడు. చాలాసేపే పట్టింది. బావ గోడకి ఆనుకునే నిద్రపోయాడు. ముత్యం కాలు వాచాక ఆయన అంత గట్టిగా నిద్రపోవడం అదే మొదటిసారి కాబోలు. బిళ్ళ బయటికొచ్చినా కాసేపు లేపబుద్ధి కాలేదు.

మళ్లీ ఆదివారం నా చైనా పెట్టెని బాపయ్య గారి వరండాలో పెట్టాం. కమిటీ మనిషిని బావే పోయి పిలుచుకొచ్చాడు. ఊరు సగం వచ్చింది. బిళ్ళ ఆడింది. చెయ్యి దగ్గరికి రాగానే బావే ఆపించాడు.

"అదిగో, చూడండి. పట్టా."

"అది పట్టడమేందయ్యా, లేపడం! నేనైనా అట్టాగే చేస్తా" అన్నాడో రైతు.

"నిబంధనలో లేపడం గురించి ఏరే రాయలేదుగా" అన్నాడు ఇంకొకడు.

"ఏరే రాస్తే నువ్వు చదివేవాడివా?"

అందరూ నవ్వారు. కమిటీ మనిషి మాత్రం ఇబ్బందిగా కదిలాడు. "మెలేశావని నేను అనలా మాలకొండయ్యా. నోరు జారి 'మెలేసేవాళ్లు' అన్నా గాని, నిన్ను కాదు."

"నువ్వు చూసింది నిజం. నేను లేదన్నా. నాదే తప్పు" అన్నాడు బావ.

అక్కడి నుంచి లేచి పాకలోకి పోయాడు. కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. జనం గడపదగ్గర నిలబడ్డారు. ముత్యం ముందుకాలు నేలకి ఆనీ ఆనకుండా పెట్టి నెమరేస్తోంది.

"పట్టాన్రా. పట్టలేదని నీ మీద ఒట్టేశా. అందరూ ఇంటున్నారు. ఆ ఒట్టు నాది, నీది కాదు" అన్నాడు. మూపురం మీద చెయ్యి వేశాడు. ఈగ వాలినట్టు దాని చర్మం ఒకసారి అదిరింది. చెయ్యి తియ్యలేదు. మా అక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇకనన్నా అన్నం తింటావా?" అంది.

కాలు మాత్రం పూర్తిగా నయం కాలేదు. వాపు తగ్గింది, కుంటు మిగిలింది. బావికాడివాళ్లకి దాంతో ఏం చెప్పాలో తోచలేదు. ముత్యం మళ్లీ పందేనికి పోలేదు. బాపయ్య గారు దాన్ని అమ్మనూ లేదు. సాయంత్రాలు బావ దాన్ని డొంకదాకా నడిపించుకొస్తాడు. దాని కుంటుకి తన నడక కుదించుకుంటాడు. ఇద్దరికీ తొందరేమీ లేదు.

ఆ బిళ్ళకి బాషా కాపీలు తీశాడు. తోక ఎట్లా పట్టి లేపాలో చూపించడానికని కొందరు, ఉత్తినే కొందరు తీసుకున్నారు. టీ కొట్టువాడు కూడా డీవీడీ పెట్టె కొన్నాడు. ఇప్పుడు మా వైపు ఏ ఇంట్లో పెట్టినా మా బావ చెయ్యి ముందుకి పోతుంది, తోక పట్టుకుంటుంది.

బాపయ్య గారి కంపెనీ పెట్టె ఒక్కటే మారలేదు. నోరు కుట్టినా, కాపీ మార్చినా, బిళ్ళే లేదంటుంది. మొన్న నేను పోయినప్పుడు కూడా పెట్టి చూశారు.

"ఒరేయ్ మాలకొండయ్యా, ఊరంతా ఏమన్నా అననీ. మా ఇంట్లో మాత్రం నువ్వు తోక పట్టలా" అన్నారు బాపయ్య గారు, దాని మీద గుడ్డ మళ్లీ కప్పుతూ.

"అయితే ఆ పెట్టెని మార్చమాకండి" అన్నాడు బావ. నవ్వాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, ఉలవల బక్కెట్టు తీసుకుని పాకవైపు నడిచాడు.